ఆపితే పాయింట్లు లేని కారు మిషను

నాకు సంతకం వరకే చదువు. నేను చెప్తాండా, మా చెల్లెలి కోడలు రాస్తాండాది. ఆ పిల్ల నా మాటను రోంత బాగుచేసి రాస్తానంటే వద్దన్నా. నోట్లో నుంచి ఎట్ల వస్తే అట్లనే రాయమన్నా.

అనంతపురం బస్టాండు దగ్గర ఒగ కాంప్లెక్సు మిద్దె మీద గేముల అంగడి ఉండాది. మా ఇంటాయన పోయినాక ఆడ పనికి చేరినా. మోకాళ్లు పట్టుకునే దాకా ఇడిసిపెట్టలా. మిషన్లో ఏసే బిళ్లలిచ్చేది, సీట్లు తుడిసేది, కొట్లాడేటోళ్లను ఇడదీసేది నా పని. అంగట్లో మిషన్లు శానా ఉండె గానీ, నా చేతి కింద పెరిగింది ఒగటే, కారు పందెం మిషను. ఇప్పుడు కొత్తగా పనికొచ్చే పిల్లోళ్లు "దాంట్లో ఏముందవ్వా, బిళ్ల ఏస్తే ఆడతాది" అంటాండారు. అట్ల కాదు నాయనా. అది బర్రె లెక్క. దాని పాలూ తెలియల్ల, దాని తన్నూ తెలియల్ల.

నాకు ఆ రెండూ బాగా తెలిసింది ఓబులేసనే డ్రైవరు వల్ల. ఆయప్ప మళ్లా బండి తోలగలుగుతాడా లేదా అనేది ఆ మిషను ముందరే తేలింది. ఆ కథ చెప్పాలంటే మొదలు మిషను సంగతి చెప్పల్ల.

దాని పాలు

ముందర టీవీ, దాని కింద స్టీరింగు, పక్కన గేరు కట్టె, కాళ్ల కింద బ్రేకూ ఎక్సిలేటరూ. సీటు కారు సీటు మాదిరే ఉంటాది, బండి గుద్దుకుంటే వణుకుతాది. బిళ్ల ఏస్తానే లోపల నుంచి ఒగ ఆడమనిషి ఇంగ్లీషులో అరుస్తాది. ఆయమ్మ ఏమంటాదో ఇన్నేండ్లయినా నాకు తెలీదు. గెలిచినా అదే గొంతు, ఓడినా అదే గొంతు. అట్లాంటి మనిషి మనింట్లో ఒగరుంటే బాగుంటాది అనుకుంటాంటి.

ఆ కారు ఊరికే పోయే కారు కాదు. గోడలు పగలగొట్టుకోని పోతాది. మిద్దెల మీద నుంచి దూకుతాది. స్టీరింగు మీద ఎర్ర బటను నొక్కితే ఎనక నుంచి మంట చిమ్ముతాది, మన గుండె గొంతులోకొస్తాది. కారు పగిలిపోతే పగిలిన ముక్కలన్నీ గాల్లో తిరిగేది మెల్లగా చూపిస్తాది. ఆ మాదిరి చూపించేది ఎందుకో తెలుసునా? ఓడినోడు కూడా నవ్వల్ల అని. ఓడినోన్ని నవ్వించే ఆట నేను ఇంగొగటి చూడలా.

దాని పెద్ద మంచి ఏందంటే, ఎవురైనా కూసోవచ్చు. ధర్మవరం నుంచి పట్టుచీరలో ఒగ పెద్దామె వచ్చె. వాళ్లది మగ్గాల ఇల్లు. కొడుకు స్కూటరు మీద ఎనక ఒగ పక్కకు కూసునేది తప్ప ఎప్పుడూ బండి ముట్టుకోలేదంట. చెప్పులిడిసి కూసునింది. మొదటి మలుపుకే సముద్రంలో పడింది. "ఓర్నీ, ఇంత సుఖమా పడేది!" అనింది. మళ్లా బిళ్ల తీసుకునింది, మళ్లా సముద్రంలో పడింది. గెలవల్లనే ఆశే లేదు ఆయమ్మకు.

రోడ్లు మనమే ఎంచుకోవచ్చు. మంచు రోడ్డు, సముద్రం రోడ్డు, ఎడారి రోడ్డు, వాన రోడ్డు. ఎడారి రోడ్డు మన జిల్లాలో ఒగడూ నొక్కలా. ఎండా, దుమ్మూ, రాళ్లూ. అది చూడను మెట్లెక్కి రావల్లనా? కిటికీ తెరిస్తే సరిపోతాది. అందరిదీ వాన రోడ్డే. రాప్తాడు దిక్కు నుంచి ఒగ రైతు, కొడుకుతో వచ్చినాయప్ప, ఆడనే లేదు. టీవీలో వాన కురుస్తాంటే అట్లనే చూస్తా నిలబడి, "ఇది ఏ మండలమక్కా?" అన్నాడు. అందరం నవ్వితిమి. ఆయప్పా నవ్వినాడు గానీ, కండ్లు మాత్రం టీవీ మీద నుంచి తిప్పలా.

దాని తన్ను

హారను లేదు. ఇది శానా పెద్ద తప్పు. మన డ్రైవరు ఎవురైనా కూసుంటానే స్టీరింగు నడిమధ్య అరచేత్తో ఒత్తుతాడు. ఏమీ మోగదు. "హారను లేకుండా బండి ఎట్ల దాటిస్తారు పెద్దమ్మా?" అని నన్నడిగితే నేనేం చెప్పల్ల. నోటితోనే పాం పాం అని కొట్టుకోని పోతాండ్రి. సాయంత్రమైతే మా అంగడి బస్టాండు కంటే ఎక్కువ మోగుతాండె.

రివర్సు లేదు. గోడకు ముక్కు పెడితే, మిషనే మనల్ని ఎత్తి మళ్లా రోడ్డు మీద పెడతాది. మనిషికి ఎనక్కు వచ్చేది నేర్పని ఆట అది.

ఇంగ పక్క బండిని గుద్దితే పాయింట్లు. బళ్లో పాఠాలు చెప్పే అయ్యవారొగరు వస్తాండె, చీమను తొక్కని మనిషి. సీట్లో కూసుంటే మాత్రం కనపడిన బండినల్లా గుద్దుతాండె. గుద్దిన ప్రతిసారీ "ఏమనుకోవద్దప్పా, ఏమనుకోవద్దు" అని టీవీకి చెప్తాండె. మనిషిలో ఏముందో చూడాలంటే మిషను మంచిదే. కానీ గుద్దడాన్ని మెచ్చుకునే ఆట మంచిదని నేను చెప్పను.

అన్నిటి కంటే పెద్ద మోసం ఇంగొగటుంది. చూసి చూసి కనిపెట్టినా. మనం ఎనకపడితే ముందర పోయే బండ్లు మెల్లగా పోతాయి, మనకోసం కాసుకున్నట్టు. మనం ముందుకు పోతే ఎనకటి బండి యాడ నుంచో గాలి మాదిరి వచ్చి అంటుకుంటాది. ఆట చప్పబడకుండా ఉండాలని అట్ల చేసినారేమో. కానీ గెలుపు ఎంతవరకు మనదో, ఎంతవరకు మిషను పెట్టిన బిచ్చమో తెలీదు.

మా ఓనరు రామాంజులు

ఓనరు గురించి కూడా చెప్పల్ల. రామాంజులు నాకంటే చిన్నోడు, నన్ను సుంకక్కా అంటాడు. గిరాకీ ముందర నన్ను ఒగ మాట అనలా. తిట్టాలంటే మెట్ల కిందికి పిలుచుకోని పోయి తిట్టి, మళ్లా టీ తాపించి పంపిస్తాడు. ఓనరంటే అట్లుండల్ల. ఆయప్ప చెడ్డ ఒగటే, భక్తి ఎక్కువ. మిషను తిక్క చేస్తే మెకానిక్కును పిలవకుండా ముందు ఊదుకడ్డీ తిప్పుతాడు. తిప్పినాక అది బాగయితే నా కర్మ, ఇంగ ఆ నెలంతా మెకానిక్కు మాటే ఎత్తడు.

ఓబులేసు

ఎండకు అంగట్లో ఎవురూ లేని ఒగ మధ్యాహ్నం, ఒగ మనిషి మెట్లెక్కి వచ్చి కారు మిషను ముందర నిలబడినాడు. సీటును చూస్తాడు, కూసోడు.

"బిళ్ల కావల్లనా అప్పా?"

"రోంతసేపు చూసి పోతా పెద్దమ్మా."

"చూసేదానికి సినిమా హాలుండాది. ఈడ కూసోవల్ల."

కూసున్నాడు. స్టీరింగు పట్టుకున్నాడు. చేతులు వణుకుతాండాయి, చలిజ్వరం వచ్చినోని మాదిరి. పందెం మొదలైంది, తక్కిన కార్లన్నీ పోయినాయి. ఈయప్ప కారు గీత మీదనే నిలబడిండాది. ఎక్సిలేటరు మీద కాలే పెట్టలా. ఆట అయిపోయింది. లేసి పోయినాడు. మర్నాడు మళ్లా వచ్చినాడు, మళ్లా అంతే.

ఆ వారంలోనే ఒగ ఆడమనిషి వచ్చింది. చేతులకు ఎర్రమట్టి, కొంగులో సద్ది గిన్నె. ఓబులేసు పెండ్లాము లక్ష్మీదేవి.

"మా ఇంటాయన ఈడికొస్తాండాడంట. ఆడతాండాడా?"

"వస్తాండాడు."

"గెలుస్తాండాడా?"

"ఇంగా బయలుదేరలా తల్లీ."

ఆ పిల్ల నవ్వల్నో ఏడవల్నో తెలీక నా పక్కన స్టూలు మీద కూసుండి చెప్పింది. గుత్తి దగ్గర రోడ్డు కిందికి జారే దిగువలో ఓబులేసు తోలే టెంపోకు బ్రేకు పట్టలేదంట. నిండా టమోటా పెట్టెలు. బండి గుంతలో పడింది. ఎవురూ పోలా గానీ, క్లీనరు కాలు ఇరిగింది. ఆ దినం నుంచి ఈయప్ప స్టీరింగు ముట్టుకుంటే చేతులు నిలవవు. గార్లదిన్నెలో ఒగాయన స్కూలు వ్యాను ఇస్తానన్నాడు. దసరా సెలవులయ్యే దాకా కాసుకుంటాడు, ఆ పైన ఇంగొగ డ్రైవరును పెట్టుకుంటాడు.

"పోనీ వేరే పని చేయించరాదా?" అన్నా.

"చేనికి పిలుచుకోని పోతినక్కా. చెనిక్కాయలు పెరకమంటే చెట్టు చేతిలోకి, కాయలన్నీ భూమిలోకి. మేస్త్రీ నన్ను తిట్టె. ఆయప్పకు బండి ఒగటే వచ్చు. బండి దిగినాక ఇంట్లో మాట్లాడ్డం కూడా మానేసినాడు. నువ్వు రోంత చూసుకోక్కా."

ఇది మా పనిలో లేని పని. కానీ మనిషిని ఆ సీట్లో కూసోబెట్టినాక, లేసేవరకు ఆ మనిషి మన బాధ్యతే అని నేననుకుంటా. మీరెట్లనుకుంటారో మీ ఇష్టం.

దినామూ మధ్యాహ్నం రమ్మన్నా. పక్కనే నిలబడి "కాలు పెట్టు, రోంత ఒత్తు" అని చెప్తాంటి. కొన్ని దినాలకు కారు కదిలింది. ఎట్ల తోలుతాడో చూడల్ల మీరు! ఎడమ పక్క అంచు ఇడవడు. ఎవున్నీ గుద్దడు. ఎనక బండొస్తే దారిచ్చి, చెయ్యి బయటకు చాపి పొమ్మంటాడు. ఆ టీవీ కార్లకు చెయ్యి ఎవురు చూపిస్తారప్పా! చుట్టూ పిల్లోళ్లు "పెండ్లి బండి పోతాండాది, సన్నాయి ఊదండ్రా" అని ఎగతాళి.

ఆ మోసం సంగతి ఈయప్పా కనిపెట్టినాడు. "పెద్దమ్మా, ముందర బండ్లు నాకోసం ఆగుతాండాయి. నన్ను చూసి జాలిపడతాండాయి" అన్నాడు. మొగం చిన్నబోయింది.

ఇంగొగసారి మలుపులో కారు పల్టీ కొట్టి ముక్కలై, మళ్లా తళతళా కొత్తదై రోడ్డు మీద నిలబడింది. పగిలేది కూడా నవ్వుగా చూపించేది మిషను మంచి అని ఇంతవరకు చెప్పినా గదా. ఓబులేసు స్టీరింగు ఇడిసిపెట్టినాడు.

"ఇట్ల లేస్తాదా పెద్దమ్మా బండి? మా క్లీనరు కాలు ఇట్ల లేసిందా?"



ఆడతా ఆడతా ఈడ చేతులు కుదిరినాయి. కానీ గార్లదిన్నెకు పోయి వ్యాను ఎక్కితే మళ్లా వణుకే. నాకు అర్థమైంది. పడినా ఏమీ కాని ఆటలో నేర్చుకున్న ధైర్యం, పడితే కాలిరిగే రోడ్డు మీద పనికిరాదు. లక్ష్మీదేవికి ఆ మాట చెప్పబోయి చెప్పలేకపోతిని. సెలవులు మొదలైపోయిండె.

నిమ్మకాయ

ఆయుధపూజ దినం రామాంజులు మిషన్లన్నిటికీ పూలు కట్టినాడు, కుంకం పెట్టినాడు. గుమ్మడికాయ కొట్టినాడు. ఆఖరికి నిమ్మకాయలు చేతిలో పట్టుకోని కారు మిషను చుట్టూ తిరుగుతాండాడు.

"ఏం ఎతుకుతాండావప్పా?"

"టైర్లు, సుంకక్కా. కారంటే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించల్ల గదా."

"దానికి టైర్లు యాడుండాయి? టీవీ లోపలుండాయి. పో, లోపల పెట్టి రాపో."

"నువ్వు నవ్వకు. పండగపూట నిమ్మకాయ తొక్కని బండి మంచిది కాదు." మిషను కిందికి వంగి చూసినాడు. "కాలు పెట్టేది యాడ? ఎక్సిలేటరు మీద గదా. దాని కిందనే పెడతా."

పెట్టినాడు. చెప్పులిడిసి, సామిని తలుచుకోని, ఒగ తొక్కు తొక్కినాడు. రసం చిమ్మింది. గుడ్డతో పైపైన తుడిసి, హారతిచ్చినాడు. ఇట్లాంటి తప్పు మన ఊర్లో తప్ప ప్రపంచంలో ఇంగ యాడా జరగదని నేను పందెం కడతా.

పెడలు సందులోకి పోయిన నిమ్మతొక్కు, రసం, కుంకం అన్నీ కలిసి ఎండి బంక మాదిరి పట్టుకున్నాయని ఎవురికి తెలుసు. రెండు మూడు దినాలకు సెలవుల గుంపు. అంగడి నిండిపోయింది. ఓబులేసు వచ్చినాడు. గుంపును చూసి ఎనక్కి పోతాంటే నేనే పట్టి కూసోబెట్టినా. వాన రోడ్డు నొక్కినాడు. అందరూ నొక్కేదే.

బయలుదేరినాడు. ఎక్సిలేటరు పెడలు కిందికి పోయింది, మళ్లా పైకి రాలా.

కాలు తీసేసినాడు. కారు ఇంగా ఎక్కువ పోతాండాది. వాన, నున్నటి రోడ్డు, పైనుంచి కిందికి దిగువ. స్టీరింగు వణుకుతాండాది, సీటు వణుకుతాండాది. ఓబులేసు మొగం తెల్లబోయింది. నాకు గుత్తి దిగువ మతికొచ్చింది. నేను చూడలేదు ఆ దిగువను, అయినా మతికొచ్చింది. ప్లగ్గు పీకేద్దామని గోడ దిక్కుకు ఉరికినా.

"పీకొద్దు పెద్దమ్మా!"

ఆ గొంతు నేనెప్పుడూ ఇనలా. అరుపు కాదు, ఆజ్ఞ. చెయ్యి ప్లగ్గు మీదనే పెట్టుకోని నిలబడిపోయినా.

గేరు కిందికి లాగినాడు. బ్రేకు ఒత్తినాడు, ఇడిసినాడు, ఒత్తినాడు, ఇడిసినాడు. కారు ఇంగా ఆగలా. అప్పుడు కావాలనే ఎడమ పక్క కొండ గోడకు ఆనించినాడు. గుద్దలా, ఆనించినాడు. ఎద్దు గోడకు ఒళ్లు రుద్దుకున్నట్టు రుద్దుకుంటా రుద్దుకుంటా పోతాండాది, నిప్పు రవ్వలు లేస్తాండాయి. అద్దం పోయింది, తలుపు పోయింది. ఆ ఇంగ్లీషామె అరుస్తానే ఉంది. చుట్టూ పిల్లోళ్లు "బటను నొక్కన్నా, మంట కొట్టన్నా!" అని గోల. ఈయప్పకు ఎవురూ ఇనపడలేదు. కారు మెల్లగయింది. ఇంగా మెల్లగయింది. వానలో, రోడ్డు పక్కన, నిలబడింది. బ్రేకు మీద నుంచి మాత్రం కాలు తియ్యలా.

ఎన్నో ఏండ్లు ఆ మిషను పక్కన నిలబడినా. పగిలిన కార్లను చూసినా, మునిగిన కార్లను చూసినా, గెలిచిన కార్లను చూసినా. దారిలో నిలబెట్టిన కారును మాత్రం ఆ పొద్దే చూసినా. టీవీలో వాన పడతానే ఉంది.

"ఏమన్నా, నిద్రపోయినావా? ఆఖరొచ్చినావు పో" అన్నాడు ఎవడో.

ఓబులేసు చేతులు స్టీరింగు మీద ఉండాయి. నేను ముందు ఆ చేతులనే చూసినా. కదలడం లేదు.

"ఆగింది పెద్దమ్మా" అన్నాడు. "ఆపినా."

మిషను సున్నా ఇచ్చింది. పాయింటు ఒగటి కూడా లేదు. అందుకే చెప్తాండా, అది ఎంత మంచి ఆటయినా, ఎంత నవ్వించినా, పోయేదాన్నే లెక్కపెడతాది, ఆపేదాన్ని లెక్కపెట్టదు. దాన్ని చేసినోళ్లు ఎవురో గానీ డ్రైవర్లు కారు. దాని మీద నాకు ప్రేమ ఉండాది, ఈ తప్పు మాత్రం క్షమించను.

రామాంజులు ఆ సాయంత్రం పెడలు ఇప్పి, ఎండిన తొక్కును బయటకు తీసి, నా దిక్కు చూసినాడు. "చూసినావా సుంకక్కా, పూజ పనిచేసింది" అన్నాడు. ఆ ఒగసారికి ఆయప్ప మాటే నిజమనుకోనీ.

గార్లదిన్నె దారిలో

మర్నాడు ఓబులేసు అంగడికి రాలా. కింద నుంచి పిలిచినాడు. కిటికీలోంచి చూస్తే పసుప్పచ్చ వ్యాను నిలబడుండాది. వ్యాను ఓనరు పక్కన కూసోని బస్టాండు దాకా చూసి, సరే తోలుకోమని దిగిపోయినాడంట.

"రా పెద్దమ్మా, గార్లదిన్నె దాకా పోయొద్దాం. ఒగన్నే పోవాలంటే రోంత..."

రామాంజులును అడిగితే "నువ్వు పో, బిళ్లలు నేనిస్తా" అన్నాడు. ముందర సీట్లో కూసున్నా. ఎట్ల తోలినాడనుకున్నారు! సైకిలోడు దాటిపోయినాడు. మేకల మంద దాటిపోయింది. ఒగ ముసలాయన నడుస్తా మా కిటికీ దగ్గరికొచ్చి "బండి చెడిపోయిందా అప్పా?" అని అడిగి ముందుకు పోయినాడు.

"ఓబులేసూ, ఇస్కూలు పిల్లోళ్లు పెండ్లి వయసుకొస్తారు బడికి చేరేలోపల" అన్నా.

నవ్వినాడు. ఆ మనిషి పండ్లు అప్పుడే చూసినా నేను. రోంత ఒత్తినాడు.

ఊరు ఇంగా రాకముందే రోడ్డు పక్క చేన్లో కూలోళ్లు చెనిక్కాయ పెరుకుతాండారు. ఓబులేసు వ్యాను పక్కకు తీసి నిలిపినాడు. నడుము వంచిన ఆడోళ్లలో ఒగామె తల ఎత్తి చూసింది. కొంగు తీసి మొగం తుడుచుకోని మళ్లా చూసింది. చేతిలో కట్ట ఆడనే పడేసి చేని గట్టు గెనం మీద ఉరుకుతా వచ్చింది. మేస్త్రీ ఎనక నుంచి అరుస్తానే ఉండాడు.

ఓబులేసు తలుపు తియ్యబోయినాడు.

"దిగొద్దు!" అనింది లక్ష్మీదేవి, కింద నుంచే. "నువ్వు దిగొద్దు. ఆడనే కూసో. నేనే ఎక్కుతా."

మట్టి కాళ్లతో నా పక్క తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. నా దిక్కు చూసింది.

నేను దిగి, ఎనక పిల్లోళ్ల సీట్లోకి పోయి కూసున్నా.